హెరాల్డ్ ముందు అద్దం: షెడ్డులో నిలబడ్డ బండికి పగులు ఎట్లా వస్తుంది?

హన్మకొండ హెరాల్డ్ | జూన్ 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా బాపు బండి 1966 స్టాండర్డ్ హెరాల్డ్ కారు, రెండు డోర్లది. 1979లో హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అప్పటికే ఇనుప టాపు తీసేసి గుడ్డ హుడ్ వేసి ఉంది. నేను చిన్నప్పుడు హుడ్ మడిచి భద్రకాళి చెరువు దాకా తీసుకెళ్లేవారు, సీటు మీద నిలబడి ముందు అద్దం ఫ్రేమ్ పట్టుకునేదాన్ని. పోయిన ఏడాది బాపు కాలం చేశారు. బండి ఇప్పుడు నా దగ్గర ఉంది. అమ్మే ఆలోచన లేదు.

సమస్యలు రెండు. మూడేళ్ల కింద బాపు ముందు అద్దం కొత్తది చేయించారు, ల్యామినేటెడ్ (రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది). ఏడు నెలలకే డ్రైవర్ వైపు కింది మూల నుంచి మధ్య దాకా పగులు వచ్చింది. అప్పటికి నెల రోజులుగా బండి షెడ్డు దాటలేదు. రాయి తగల్లేదు, ఎవరూ ముట్టుకోలేదు. రెండోది నీళ్లు. వాన పడితే యాక్సిలరేటర్ దగ్గర మ్యాట్ తడిసిపోతుంది.

ఇక్కడ ఒక షాపులో చూపిస్తే, "చుట్టూ సిలికాన్ కొడితే నీళ్లు ఆగుతాయి, అద్దం ఎప్పుడైనా మార్చుకోవచ్చు" అన్నారు. వానలు మొదలవుతున్నాయి. ముందు సిలికాన్ కొట్టించనా, నేరుగా కొత్త అద్దం ఆర్డర్ ఇవ్వనా?

మంచిర్యాల జీప్ | జూన్ 8, రాత్రి 10:15

అక్కా, నాది మహీంద్రా జీపు. అద్దం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి పగిలిన రోజే కోయించి సాయంత్రానికి బిగించుకున్నాను. చుట్టూ సిలికాన్ కొట్టించి నాలుగేళ్లయింది, చుక్క నీళ్లు రాలేదు. నా అనుభవంలో అయితే సిలికాన్ చాలు.

కరీంనగర్ గాజు పని | జూన్ 9, ఉదయం 7:20

మేడం, సిలికాన్ ఇప్పుడే వద్దు. కొడితే రెండు నష్టాలు. షాపుల్లో చౌకగా దొరికే రకానికి వెనిగర్ లాంటి పులుపు వాసన వస్తుంది, గమనించే ఉంటారు. అది ఆరేటప్పుడు వచ్చే ఎసిటిక్ యాసిడ్ వాసన. రేకు మీద పెయింట్ లేచిన చోట అది తగిలితే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. పైగా ఒకసారి సిలికాన్ అంటిన రేకు మీద తర్వాత పెయింట్ సరిగా పట్టదు, ఎంత తుడిచినా చేప కళ్లలాగా గుంటలు తేలతాయి. జీపు తమ్ముడికి పనికొచ్చింది, కాదనను. జీపు అద్దం ఫ్రేమ్ వేరే, దాని రేకు వేరే.

రెండో మాట పగులు గురించి. అది ఎక్కడ మొదలైందో చూడాలి. వేలి గోరు అద్దం బయటి వైపు పగులు మీద మెల్లగా జరపండి. రాయి తగిలి ఉంటే ఎక్కడో ఒకచోట చిన్న గుంట గోరుకు తగులుతుంది, దాని చుట్టూ చిన్న చుక్కలా పొడి రాలి ఉంటుంది. గుంట ఎక్కడా లేకుండా పగులు నేరుగా రబ్బరు కిందికి పోయిందంటే అద్దాన్ని పగలగొట్టింది రాయి కాదు, ఫ్రేమ్. అప్పుడు ఎన్ని కొత్త అద్దాలు వేసినా అదే మూలన పోతాయి.

మూల మీద ఉన్న ముద్ర కూడా ఫోటో తీసి పెట్టండి. ఐఎస్ 2553 అని ఉందా? మన దేశంలో సేఫ్టీ గ్లాస్‌కు ఉన్న ప్రమాణం అది.

హన్మకొండ హెరాల్డ్ | జూన్ 9, రాత్రి 8:05

ముద్ర ఉంది అన్నా, ఐఎస్ 2553 అనే ఉంది. టార్చి పట్టుకుని గోరుతో చూశాను. గుంట లేదు. పగులు మధ్యలో వెంట్రుకంత సన్నగా ఉంది, కిందికి వచ్చే కొద్దీ వెడల్పయి రబ్బరు కిందికి పోతోంది. రబ్బరు పెదవి కొంచెం ఎత్తి చూస్తే ఆ మూలన అద్దం అంచు రేకుకు ఆనుకుని ఉన్నట్టు అనిపించింది. మిగతా మూలల్లో అద్దానికీ రేకుకూ మధ్య రబ్బరు కనిపిస్తోంది, ఇక్కడ కనిపించట్లేదు.

కాజీపేట కాకా | జూన్ 9, రాత్రి 9:30

బిడ్డా, ఆర్డర్ ఇవ్వకు. ఆగు.

నేను ఆర్టీసీలో బాడీ సెక్షన్‌లో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి, చాలా కాలం కరీంనగర్ జోనల్ వర్క్‌షాపులోనే ఉన్నాను. బస్సు అద్దాలు రబ్బరు బీడింగ్‌లోనే కూర్చుంటాయి, నీ హెరాల్డ్‌దీ అదే పద్ధతి. ఇప్పటి కార్లకు అద్దాన్ని జిగురుతో నేరుగా రేకుకు అంటిస్తారు, అది వేరే సంగతి. మన పద్ధతిలో అద్దం రబ్బరులో తేలుతూ ఉండాలి. చుట్టూ ఎక్కడా రేకుకు తగలకూడదు. బండి కదిలితే రేకు కదులుతుంది, ఆ కదలికను రబ్బరు మింగాలి. ఒక్కచోట ఇనుము గాజుకు తగిలితే ఎండకు రేకు సాగి, రాత్రికి ముడుచుకుని, రోజూ అదే చోట కొంచెం కొంచెం ఒత్తుతుంది. మన ఎండలు 44, 45 దాకా పోతాయి. అందుకే నీ అద్దం షెడ్డులో నిలబడే పగిలింది.

మా దగ్గరికి ఏడాదిలో మూడుసార్లు అదే మూలన అద్దం పోయిన బస్సు ఒకటి వచ్చింది. మూడుసార్లూ అద్దమే మార్చారు. నాలుగోసారి రబ్బరు పూర్తిగా ఊడదీసి చూస్తే పాత వెల్డింగ్ బొడిపె ఉంది, శనగ గింజంత. ఆకురాయితో పది నిమిషాలు రుద్దితే పోయింది. నీ బండికీ అట్లాంటిదే ఉండాలి. అద్దం ఎట్లాగూ పగిలింది కాబట్టి తీసి చూద్దాం. తీసేటప్పుడు లోపలి నుంచి కాలితో నెట్టకు. బయటి పెదవిని కొత్త బ్లేడుతో చుట్టూ కోసెయ్. ఆ రబ్బరు మళ్లీ వాడేది లేదు కదా.

జగిత్యాల గజెల్ | జూన్ 10, ఉదయం 6:50

చెల్లె, అద్దం తీయకముందే నీళ్ల సంగతి తేల్చుకో. తీశాక కారుతున్నది ఎక్కడో తెలియదు. నేను నా స్టాండర్డ్ గజెల్ కారుకు చేసిన పద్ధతి చెప్తాను.

లోపల మ్యాట్, డ్యాష్‌బోర్డు కింద అట్ట అన్నీ తీసెయ్. రేకు పొడిగా తుడిచి, ఫ్రేమ్ కింది అంచు వెంబడి, వైపర్ బోల్టుల చుట్టూ, రెండు పక్కల స్తంభాల వెంబడి టాల్కం పౌడర్ చల్లు. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి. బయట ఇంకొకరు మగ్గుతో నీళ్లు పోయాలి, పైపు స్పీడుగా కొట్టొద్దు. కింది నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి, ఒక్కో చోట ఐదు నిమిషాలు. పైనుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసి ఏమీ తెలియదు. పౌడర్ ఎక్కడ ముద్దవుతుందో నీళ్లు అక్కడి నుంచి వచ్చినట్టే.

నాకైతే మూడేళ్లు అద్దం రబ్బరు మీద అనుమానం. చివరికి చూస్తే వైపర్ బోల్టు కింద రబ్బరు వాషర్ ఎండి పగిలి ఉంది.

నిజామాబాద్ మైనర్ | జూన్ 10, మధ్యాహ్నం 1:10

నాది మారిస్ మైనర్ టూరర్, 1956కు ముందుది. ముందు అద్దం రెండు ముక్కలు, బల్లపరుపు. ఆ ఏడాది మైనర్ 1000 వచ్చాక ఒకే వంపు అద్దం అయింది. అద్దం దొరకడం నాకు తేలిక, కానీ టాపు లేని బండి కష్టాలు మన ఇద్దరివీ ఒకటే కాబట్టి రాస్తున్నాను.

టాపు ఉన్న కారుకు ముందు ఫ్రేమ్‌ను పై రేకు పట్టుకుంటుంది. హెరాల్డ్‌కు చాసిస్ వేరు, బాడీ దాని మీద ముక్కలుగా బోల్టులతో బిగిస్తారు. అందుకే మీ బండికి ఎవరో టాపు అంత సులభంగా తీయగలిగారు. తీశాక ఫ్రేమ్ ఒంటరిగా నిలబడుతుంది. గుంతలో ఒక చక్రం పడితే బాడీ మెలి తిరిగి ఫ్రేమ్ కూడా ఊగుతుంది. అద్దం తీశాక ఫ్రేమ్‌కు మూల నుంచి మూలకు టేపు పెట్టి రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానంగా రావాలి. తేడా ఉంటే అద్దం పెట్టే ముందే బోల్టులు వదిలి సరిచేయాలి. బండి నాలుగు చక్రాల మీద, సమమైన నేల మీద ఉన్నప్పుడే కొలవాలి, అద్దం బిగించేటప్పుడు కూడా. జాకీ మీద పెట్టి బిగిస్తే జాకీ దించగానే ఫ్రేమ్ మారిపోతుంది. నమ్మకపోతే జాకీ ఎత్తి డోరు సందు చూడండి, పైన ఒక రకంగా, కింద ఒక రకంగా అవుతుంది.

హన్మకొండ హెరాల్డ్ | జూన్ 16, రాత్రి 10:20

ఆలస్యానికి క్షమించండి. చెప్పినవన్నీ చేశాను.

పౌడర్ పరీక్ష: మా తమ్ముడు నీళ్లు పోశాడు, నేను లోపల పడుకున్నాను. అద్దం రబ్బరు చుట్టూ పోసినంత సేపూ పౌడర్ పొడిగానే ఉంది. ఫ్రేమ్ బాడీ మీద కూర్చునే కింది అంచు దగ్గర పోయగానే, రెండు నిమిషాలు కూడా కాలేదు, డ్రైవర్ వైపు చివరన పౌడర్ బూడిద రంగుకు తిరిగి ముద్దయి, స్టీరింగ్ రాడ్డు పక్క నుంచి సన్నని గీతలా కిందికి జారింది. సరిగ్గా యాక్సిలరేటర్ మీదికి. ఒక వైపర్ బోల్టు దగ్గర కూడా కొంచెం తడి వచ్చింది.

అంటే ఇన్నాళ్లూ నీళ్లు అద్దం నుంచి రావట్లేదు! సిలికాన్ కొట్టించి ఉంటే అద్దం చుట్టూ కొట్టేవారు, మ్యాట్ తడుస్తూనే ఉండేది.

తర్వాత కాకా చెప్పినట్టు రబ్బరు కోసి అద్దం తీశాం. డ్రైవర్ వైపు కింది మూలన రబ్బరు కూర్చునే రేకు అంచు మీద ఇత్తడి వెల్డింగ్ ఉంది. పైన పెయింట్ వేశారు కాబట్టి కంటికి తెలియదు, వేలితో రుద్దితే బొటనవేలి గోరంత బొడిపె తగిలింది. పగిలిన అద్దాన్ని తిప్పి చూస్తే సరిగ్గా ఆ బొడిపె ఎదురుగా గాజు అంచు చిట్లి ఉంది, పగులు అక్కడి నుంచే బయలుదేరింది. బొడిపె పక్కన రేకు రెండంగుళాల మేర బిస్కెట్‌లా విరుగుతోంది. స్క్రూడ్రైవర్ పెడితే లోపలికి దిగింది.

కర్ణాల తేడా 7 మిల్లీమీటర్లు వచ్చింది.

బాపు ఆ అద్దం కోసం ఎంత తిరిగారో నాకు తెలుసు. పగిలిన రోజు తన చేతిపనిలోనే ఏదో తప్పు జరిగిందని చాలా బాధపడ్డారు. తప్పు ఆయనది కాదని ఇప్పుడు తెలిసింది.

కాజీపేట కాకా | జూన్ 17, ఉదయం 5:45

బిడ్డా, చదివిన. మీ బాపు తప్పు ఏమీ లేదు. ఆ వెల్డింగ్ ఆయన కొనకముందుదే అయ్యుంటుంది.

ఇప్పుడు వరస తప్పొద్దు. ముందు ఫ్రేమ్ బోల్టులు విప్పి మొత్తం బయటికి తీయించు. కింద ఉన్న పాత రబ్బరు పట్టీ రాయిలా అయి ఉంటుంది, పారెయ్. తుప్పు రేకు కోసేసి కొత్త ముక్క అతికించాలి, పైన లప్పం పూసి కప్పనివ్వకు. లప్పం కింద తుప్పు ఆగదు. వెల్డింగ్ అయ్యాక ఆ అంచు మొత్తం వేలితో తడిమి చూసుకో. కళ్లు మూసుకుని తడుము, కంటికంటే వేలికి బాగా తెలుస్తుంది. ఎక్కడ గరుకు తగిలినా రుద్దించు. ప్రైమర్, పెయింట్ అయ్యాక కనీసం పది రోజులు ఎండనివ్వు. పచ్చి పెయింట్ మీద రబ్బరు ఎక్కిస్తే పెయింట్ రబ్బరుకు అంటుకుని లేచొస్తుంది.

కరీంనగర్ గాజు పని | జూన్ 17, ఉదయం 9:00

ఈ లోపు అద్దం సంగతి చూసుకోవచ్చు మేడం. పగిలినదాన్ని పారేయకండి, అదే మీ నమూనా. బయటి అంచు దళసరి కాగితం మీద గీయండి. తర్వాత ఈ మూల నుంచి ఆ మూలకు నిటారు కర్ర పెట్టి, మధ్యలో కర్రకూ గాజుకూ ఎంత సందు ఉందో కొలవండి. అది వంపు లోతు. మందం నాలుగు చోట్ల కొలవండి. పాత టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన ఒకే పలక) అద్దానికీ ల్యామినేటెడ్‌కూ మందంలో తేడా ఉంటుంది, రబ్బరు గాడి దానికి సరిపోవాలి. అద్దం చేతికి వచ్చాకే రబ్బరు కొనండి.

వంపు అద్దాన్ని కోసి చేయలేం. అచ్చు మీద రెండు గాజు పలకలు వేడితో వంచి, మధ్యలో పీవీబీ అనే ప్లాస్టిక్ పొర పెట్టి అతికిస్తారు. బయటి నుంచి తెప్పించుకోవాలంటే ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ హెరాల్డ్, విటెస్ రెండింటికీ ముందు అద్దం ఒకటే, విడి భాగాలు ఇంకా దొరుకుతాయి. మీ కాగితం కొలతతో పోల్చుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి. రవాణాలో అద్దం నిలబెట్టే రావాలి, పడుకోబెట్టి తెస్తే దారిలోనే పోతుంది.

ములుగు రోడ్ కుర్రాడు | జూన్ 17, సాయంత్రం 6:30

అన్నా, చిన్న డౌట్. ఇంత టెన్షన్ ఎందుకు, పాలికార్బనేట్ షీటు వంచి పెట్టుకుంటే పగలదు కదా? నా జీపుకు అలా చేద్దామని అనుకుంటున్నాను.

కరీంనగర్ గాజు పని | జూన్ 17, రాత్రి 7:45

తమ్మీ, వద్దు. వైపర్ తిరిగితే ఒక్క సీజన్‌లో గీతలు పడి మసకబారుతుంది. రాత్రి ఎదురుగా లారీ లైట్ పడితే ఆ గీతలన్నీ వెలిగి రోడ్డు కనిపించదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో కూడా ముందు అద్దం ల్యామినేటెడ్ సేఫ్టీ గ్లాస్ అయి ఉండాలనే ఉంది. ల్యామినేటెడ్ పగిలినా ముక్కలు పొరను పట్టుకునే ఉంటాయి, నీ ముఖం మీదికి రావు. ఈ ఒక్క దగ్గర పైసలు చూడకు.

హన్మకొండ హెరాల్డ్ | జూలై 14, రాత్రి 9:15

నిన్న ఆదివారం అద్దం ఎక్కింది. కాకా కాజీపేట నుంచి స్వయంగా వచ్చారు. ఇదే పని చేయబోయేవాళ్లకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

ఫ్రేమ్ కింద కొత్త రబ్బరు పట్టీ వేసి, బోల్టులు వేళ్లతో మాత్రమే తిప్పి, కర్ణాలు కొలుస్తూ బిగించాం. తేడా 1 మిల్లీమీటరు దగ్గర ఆగింది. కాకా "చాలు" అన్నారు.

కొత్త రబ్బరును ఎండలో అరగంట పెట్టాం, మెత్తబడింది. దాన్ని ముందు అద్దం చుట్టూ తొడిగాం. అద్దం కింద రెండు దుప్పట్లు. మా రబ్బరు అచ్చులో పోసింది కాదు, పొడవు రకం, అతుకు వస్తుంది. నేను సరిగ్గా కొలతకు కోయబోతే కాకా నా చెయ్యి పట్టుకుని ఆపారు. వేలెడు ఎక్కువ ఉంచి, నొక్కి కలపాలట. లాగి బిగుతుగా కలిపితే ఎండకు ముడుచుకుని నెల తిరక్కముందే అతుకు నోరు తెరుస్తుంది.

తర్వాత రబ్బరు బయటి గాడిలో, అంటే రేకు కూర్చునే గాడిలో, సన్నని నైలాన్ తాడు చుట్టూ దూర్చాం. రెండు కొసలూ కింది మధ్యలో జానెడు దాటించి లోపలి వైపు వేలాడదీశాం. రేకు అంచుకూ గాడికీ గిన్నెలు తోమే సబ్బు నీళ్లు రాశాం. గ్రీజు, ఆయిల్ ముట్టనివ్వలేదు, వాటితో ఈ రబ్బరు ఉబ్బిపోతుందట.

తమ్ముడు, ఇంకో అబ్బాయి బయటి నుంచి అద్దాన్ని అరచేతులతో ఫ్రేమ్‌కు ఆనించి పట్టుకున్నారు. కాకా లోపల కూర్చుని తాడు కొసను అద్దం మధ్యకు లాగడం మొదలుపెట్టారు. తాడు వస్తూ ఉంటే రబ్బరు పెదవి ఒక్కో అంగుళం రేకు మీదికి చప్పుడు చేస్తూ ఎక్కుతుంది. "ఇక్కడ కొట్టు" అంటే బయటివాళ్లు అరచేత్తో అక్కడ మెల్లగా తట్టాలి. పిడికిలి వాడొద్దు. ముందు కింద మధ్య నుంచి రెండు మూలలకు, తర్వాత రెండు పక్కలు, చివర పైన. డ్రైవర్ వైపు కింది మూల దగ్గర తాడు బిగుసుకుంది. నా గుండె ఆగినంత పనైంది. కాకా లాగడం ఆపి, ఆ మూలకు ఇంకొంచెం సబ్బు నీళ్లు పోసి, తాడును రెండంగుళాలు వెనక్కి వదిలి మళ్లీ లాగారు. ఎక్కింది. మొత్తం 25 నిమిషాలు పట్టింది.

బీడింగ్ మధ్యలో వచ్చే మెరుపు పట్టీ ఈ రోజు ఎక్కించాం. రాత్రంతా రబ్బరు సర్దుకోవాలని ఒక రోజు ఆగమన్నారు.

నిజామాబాద్ మైనర్ | జూలై 14, రాత్రి 10:00

చాలా సంతోషం. సీలెంట్ ఏం వాడారు? పాలీయురేథేన్ మాత్రం వాడలేదు కదా?

కాజీపేట కాకా | జూలై 15, ఉదయం 6:10

లేదు సార్. అది జిగురుతో అంటించే అద్దాలకు. మన బీడింగ్‌లో కొడితే గట్టిపడి అద్దాన్ని రేకుకు కట్టేస్తుంది. తేలాల్సిన అద్దం తేలదు, రేపు తీయాలంటే పగలగొట్టడమే దారి. ఎప్పటికీ గట్టిపడని మెత్తటి మాస్టిక్ వాడినం, ముక్కు సన్నగా ఉన్న ట్యూబుతో. రబ్బరు పెదవి ఎత్తి, గాజుకూ రబ్బరుకూ మధ్య ఒకసారి, రబ్బరుకూ రేకుకూ మధ్య ఒకసారి. బయటికి వచ్చింది గుడ్డతో తుడిచినం. వైపర్ బోల్టులకు కొత్త వాషర్లు వేసినం. ఫ్రేమ్ కిందికి వచ్చే పట్టీకి రెండు కొసల దగ్గర కొంచెం ఎక్కువ పెట్టినం, నీళ్లు వచ్చింది అక్కడే కదా.

మంచిర్యాల జీప్ | జూలై 15, ఉదయం 8:30

కాకా, మీ మాటలు చదివాక నా జీపు ఫ్రేమ్ కింద సిలికాన్ కొంచెం లేపి చూశాను. కింద తుప్పు పొరలు పొరలుగా వస్తోంది. అక్కకు నేను ఇచ్చిన సలహా తప్పు. వానలు తగ్గాక మొత్తం తీయిస్తాను.

హన్మకొండ హెరాల్డ్ | జూలై 27, ఉదయం 11:05

మూడు రోజులు వదలని వాన. ఈ తారీకు రాగానే మా ఇంట్లో అందరికీ 2023 గుర్తొస్తుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది అప్పుడే. ఆ రోజు బాపు షెడ్డులో బండి సీటు మీద ప్లాస్టిక్ కవర్లు కప్పుకుంటూ కూర్చున్నారు.

నిన్న సాయంత్రం కావాలనే బండిని వానలో బయట పెట్టాను. డ్యాష్‌బోర్డు కింద మళ్లీ పౌడర్ చల్లి ఉంచాను. ఈ ఉదయం చూస్తే చల్లినది చల్లినట్టే ఉంది, వేలితో ముడితే పొడిగా ఎగిరింది. మ్యాట్ కూడా పొడిగానే ఉంది. అద్దం మూల దగ్గర టార్చి పెట్టి చూశాను. అద్దానికీ రేకుకూ మధ్య నల్లగా రబ్బరు కనిపిస్తోంది, చుట్టూ ఒకే మందంలో.

ఒక్క చోట మాత్రం తడి ఉంది. హుడ్ ముందు కడ్డీ ఫ్రేమ్ మీద ఆనుకునే దగ్గర, ఎడమ వైపు. రాత్రంతటికీ సీటు మీద అరచేయంత మచ్చ పడింది. కాకా, హుడ్ గుడ్డ మార్చాలా, కడ్డీ కింద రబ్బరు వేస్తే సరిపోతుందా?

కాజీపేట కాకా | జూలై 27, మధ్యాహ్నం 12:20

గుడ్డకు ఏం కాలేదు బిడ్డా, మొన్న చూసిన కదా. కొత్త పట్టీ వేయడంతో ఫ్రేమ్ ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, పైకి లేచింది, కడ్డీ అక్కడ సరిగ్గా కూర్చోవట్లేదు. ఎడమ కొక్కెం బోల్టు అర చుట్టు తిప్పి చూడు. ఆగకపోతే వచ్చే ఆదివారం వస్త, రబ్బరు షీటు ముక్క ఒకటి తెచ్చి పెట్టు.